ఎక్సెల్ జాబితా డేటాబేస్‌లోకి ఎక్కనప్పుడు: తప్పును వెతికి పట్టుకునే పద్ధతి

ఇంటి నంబరు 1-8-12. మన ఊళ్లలో ఇలాంటి నంబర్లే ఎక్కువ. కొన్నేళ్ల క్రితం పాల సంఘాల సభ్యుల జాబితా ఒకటి, నాలుగు వేల పైచిలుకు పేర్లు, ఎక్సెల్ నుంచి డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాకు వచ్చింది. ఎక్కించాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, పని అయిపోయిందనుకున్నాను. మూడు వారాల తర్వాత సభ్యులకు పంపిన ఉత్తరాల్లో కొన్ని వెనక్కి వచ్చాయి. కవరు మీద ఇంటి నంబరు ఉండాల్సిన చోట 01-08-2012 అని అచ్చయి ఉంది. ఎక్సెల్ ఆ నంబరును 2012 ఆగస్టు 1 అనుకుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ మామూలు టెక్స్ట్ కాబట్టి అది ఏమీ అడక్కుండా పుచ్చుకుంది.

అప్పటి నుంచి ఇంపోర్ట్‌లో ఎర్రర్ వస్తే నాకు టెన్షన్ ఉండదు. డేటాబేస్ గుమ్మంలోనే ఆపి, ఈ వరుసలో ఈ కాలమ్ తేడాగా ఉందని చెబుతోంది, అంతే కదా. చప్పుడు లేకుండా లోపలికి పోయిన తప్పే నన్ను భయపెడుతుంది. అందుకే కింద చెప్పేదంతా రెండు పనులకు పనికొస్తుంది: వచ్చిన ఎర్రర్‌ను తీర్చడం, రావాల్సిన ఎర్రర్ రాకుండా పోతే దాన్ని బయటికి లాగడం.

ఎక్కువగా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ గురించే చెబుతాను, తేడా ఉన్న చోట పోస్ట్‌గ్రెస్ అనే మరోదాని సంగతి కూడా. కమాండ్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.

మొదటి అడుగు: అసలు ఫైల్‌ను ముట్టుకోవద్దు

మీకు వచ్చిన ఎక్సెల్ ఫైల్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి, ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ టిక్ పెట్టేయండి. పనంతా కాపీ మీదే జరగాలి. రేపు ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి ఆ ఒక్క ఫైలే దిక్కు.

తర్వాత కాపీ తెరిచి నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: మొత్తం ఎన్ని వరుసలు, ఎన్ని కాలమ్‌లు, డబ్బు ఉన్న కాలమ్ మొత్తం ఎంత, తేదీల కాలమ్‌లో అన్నిటికంటే పాతదీ కొత్తదీ ఏవి. చివర్లో ఈ కాగితమే మనకు సాక్ష్యం.

డేటాబేస్‌లోకి ఎక్కించడానికి ముందు షీట్‌ను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా మార్చాలి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైల్‌ను మాత్రం ఎక్సెల్ నుంచి సీఎస్‌వీకి మార్చే ఉచిత వెబ్‌సైట్లలో దయచేసి పెట్టకండి. అది మన సొత్తు కాదు, నమ్మి ఇచ్చిన మనుషులది. మార్చడానికి మీ కంప్యూటర్‌లో ఉన్న ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ గానీ చాలు.

రెండో అడుగు: షీట్‌ను పట్టికగా మార్చడం

మన ఆఫీసుల్లో షీట్ చూడముచ్చటగా ఉండాలని పైన సంఘం పేరు, కింద మండలం పేరు, వాటిని కలిపిన మెర్జ్ సెల్స్, చివర టోటల్ వరుస పెడతారు. డేటాబేస్‌కు ఇవేవీ అక్కర్లేదు. మొదటి వరుసలో కాలమ్ పేర్లు, రెండో వరుస నుంచి డేటా, ఇంకేమీ ఉండకూడదు. మెర్జ్ చేసిన సెల్స్‌ను విడదీస్తే విలువ పై ఎడమ సెల్‌లోనే మిగిలి, తక్కినవి ఖాళీ అవుతాయి. ఊరి పేరు ఒకసారి రాసి ఇరవై వరుసలకు మెర్జ్ చేసి ఉంటే, పంతొమ్మిది మందికి ఊరు లేనట్టే. అన్మెర్జ్ చేసి, ఖాళీలను పై విలువతో నింపాకే ముందుకు వెళ్లండి.

కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే ఎక్సెల్ దృష్టిలో షీట్ ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. మీ డేటా 4,000వ వరుసలో అయిపోయినా కర్సర్ 9,000 దగ్గరకు వెళ్లిందంటే, కింద ఖాళీ వరుసల్లో ఎవరో ఫార్మాటింగ్ చేసి వదిలేశారన్న మాట. అవి కామాలు తప్ప ఏమీ లేని వరుసలుగా ఫైల్‌లోకి వచ్చేస్తాయి. ఆ వరుసలను పూర్తిగా డిలీట్ చేసి సేవ్ చేయండి.

నంబర్ల దగ్గర కాస్త నిదానంగా చూడండి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలనే గుర్తుపెట్టుకోగలదు. 16 అంకెల ఖాతా నంబరును మామూలు సెల్‌లో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, అది ఇక తిరిగి రాదు. కాగితం తీసి మళ్లీ టైప్ చేయాల్సిందే. 12 అంకెల ఆధార్‌ది వేరే కథ. జనరల్ ఫార్మాట్‌లో అది 2.34568ఇ+11 లాగా కనిపిస్తుంది, కానీ లోపల అసలు నంబరు భద్రంగానే ఉంటుంది. అలా కనిపిస్తుండగానే సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం కనిపించిందే ఫైల్‌లోకి వెళుతుంది. కాబట్టి ముందే ఆ కాలమ్ ఫార్మాట్‌ను నంబర్ అని, డెసిమల్ స్థానాలు సున్నా అని మార్చండి.

పోయిన ముందు సున్నాలు కూడా ఫార్మాట్ మారిస్తే తిరిగి రావు. టెక్స్ట్ ఫార్మాట్ ముందు పెట్టి తర్వాత టైప్ చేస్తేనే నిలుస్తాయి.

ఇక ఇంటి నంబర్లు. 1-8-12ను తేదీగా మార్చుకున్న సెల్‌కు టెక్స్ట్ ఫార్మాట్ పెడితే 41122 అని కనిపిస్తుంది. 1900 జనవరి 1ని 1గా లెక్కపెట్టుకుంటూ వచ్చే ఎక్సెల్ దినసంఖ్య అది. కంగారుపడి దాన్ని చెరిపేయకండి. పక్క కాలమ్‌లో టెక్స్ట్ ఫంక్షన్ వాడి, రోజుకు ఒక డి, నెలకు ఒక ఎం, సంవత్సరానికి రెండు వై చొప్పున ఫార్మాట్ ఇస్తే 1-8-12 తిరిగొస్తుంది. 4-11 లాంటి రెండు భాగాల నంబర్లకు సంవత్సరం వదిలేయండి. అయితే ఆ షీట్ టైప్ చేసిన కంప్యూటర్‌లో అమెరికా పద్ధతి సెట్టింగ్ ఉంటే రోజు, నెల తారుమారవుతాయి. నాలుగైదు నంబర్లు కాగితంతో సరిచూశాకే మొత్తానికి వర్తింపజేయండి.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చేసింది. మనం ఇంటి నంబర్లను మార్చలేం కాబట్టి సెల్ ఫార్మాట్‌నే ముందు మార్చుకోవాలి. 2023 నుంచి మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లో ఆప్షన్స్, డేటా విభాగం కింద ఈ ఆటోమేటిక్ మార్పులను ఆపే టిక్‌లు కూడా ఇచ్చారు.

మూడో అడుగు: తెలుగు పేర్లు పాడుకాకుండా సేవ్ చేయడం

సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ అని రెండు మూడు రకాలు కనిపిస్తాయి. మామూలు ‘కామా డీలిమిటెడ్’ సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ లేదా క్యారెక్టర్ సెట్ అంటారు, తెలుగుతో సహా అన్ని భాషలకూ సరిపోయేది యూటీఎఫ్-8. గూగుల్ షీట్స్ నుంచి దించితే యూటీఎఫ్-8లోనే వస్తుంది, కాకపోతే తెరిచి ఉన్న ఒక్క షీటే వస్తుంది. లిబ్రేఆఫీస్ సేవ్ చేసేటప్పుడే ఏ క్యారెక్టర్ సెట్ అని అడుగుతుంది.

పాడైన తెలుగు రెండు రకాలుగా కనిపిస్తుంది, ఈ తేడా గుర్తుంటే సగం పని అయినట్టే. పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే డేటా పోయినట్టే. ఆ ఫైల్‌ను పక్కన పడేసి మళ్లీ ఎక్సెల్ దగ్గర మొదలుపెట్టండి. అలా కాకుండా నెత్తి మీద గీత ఉన్న ఇంగ్లీష్ ఎ, దాని పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే ఎ, ఇలా కనిపిస్తే సంతోషించండి, డేటా ఉంది. ప్రతి తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. వాటిని పాత వెస్టర్న్ ఎన్‌కోడింగ్‌లో చదివితే ఆ ఎ, ఆ డిగ్రీ, ఆ ప్లస్-మైనస్ కనిపిస్తాయి. ఫైల్ బాగానే ఉంది, చదివేవాళ్లకే తప్పు ఎన్‌కోడింగ్ చెప్పాం. మైఎస్‌క్యూఎల్‌లో ఫైల్‌ను టేబుల్‌లోకి ఎక్కించే లోడ్ డేటా కమాండ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (యూటీఎఫ్-8కి అక్కడి పేరు) అని స్పష్టంగా రాసి, టేబుల్ కూడా అందులోనే ఉండేలా చూస్తే సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అదే డీఫాల్ట్. పాత సర్వర్లలో లాటిన్1 అనే పాత వెస్టర్న్ ఎన్‌కోడింగ్ ఉండటం మామూలే.

డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిన పాత జాబితాలకు ఈ చిట్కా పనికిరాదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు అసలు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కాదు. ఇంగ్లీష్ అక్షరాలకు, గుర్తులకు తెలుగు బొమ్మ తొడిగినట్టు ఉంటుంది. ఫాంట్ తీసేస్తే అర్థం లేని గుర్తులు మిగులుతాయి. ముందు యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో కంటితో చూసి, ఆ తర్వాతే ఇంపోర్ట్ సంగతి.

పోస్ట్‌గ్రెస్‌లో ‘ఇన్‌వాలిడ్ బైట్ సీక్వెన్స్ ఫర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8’ అని వచ్చి పక్కన 0ఎక్స్92 అని ఉంటే, అది వర్డ్ నుంచి కాపీ చేసిన వంపు అపాస్ట్రఫీ. ఫైల్ విండోస్ ఎన్‌కోడింగ్‌లో ఉందని దాని అర్థం. పోస్ట్‌గ్రెస్‌లో ఫైల్‌ను ఎక్కించే కాపీ కమాండ్‌లో ఎన్‌కోడింగ్ విన్1252 అని చెప్పవచ్చు. తెలుగు కూడా ఉన్న జాబితా అయితే ఆ దారి పట్టకండి, యూటీఎఫ్-8లో మళ్లీ సేవ్ చేసుకోండి.

సీఎస్‌వీ యూటీఎఫ్-8తో ఒక చిన్న చిక్కు ఉంది. ఎక్సెల్ ఆ ఫైల్ మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్ల గుర్తు ఒకటి పెడుతుంది. దాన్ని బామ్ అంటారు. మొదటి వరుస మొదటి కాలమ్‌లోనే ఎర్రర్ వస్తూ, చూస్తే అక్కడ 1 అని శుభ్రంగా కనిపిస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి, ఎన్‌కోడింగ్ మెనూలో బామ్ లేని యూటీఎఫ్-8కి మార్చి సేవ్ చేయండి.

ఒకసారి సీఎస్‌వీ తయారయ్యాక దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవడం మానేయండి. తెరిచి సేవ్ కొట్టారంటే మనం కాపాడుకున్న సున్నాలు, ఇంటి నంబర్లు మళ్లీ పోతాయి. చూడాలనుకుంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ చాలు. ఎక్సెల్‌లోనే చూడాలంటే డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ స్లాష్ సీఎస్‌వీ ద్వారా తెచ్చుకుని, ప్రతి కాలమ్‌కూ టెక్స్ట్ రకం ఇవ్వండి.

నాలుగో అడుగు: ముందు వాకిట్లో దించండి

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. ఫైల్‌ను నేరుగా అసలు టేబుల్‌లోకి ఎక్కించకండి. వడ్ల బస్తాలను బండి మీంచి నేరుగా గాదెలో పోయరు కదా, వాకిట్లో దించి, ఆరబెట్టి, తూర్పారబట్టాకే పోస్తారు. డేటాకూ అలాంటి వాకిలి ఒకటి కావాలి. దాన్ని స్టేజింగ్ టేబుల్ అంటారు.

ఆ టేబుల్‌లో మొదటి కాలమ్ దానంతట అదే పెరిగే వరుస సంఖ్య. మిగతా కాలమ్‌లన్నీ టెక్స్ట్. తేదీ, డబ్బు, వయసు, అన్నీ టెక్స్టే. ప్రైమరీ కీ (ప్రతి వరుసను విడిగా గుర్తుపట్టే కాలమ్) వరుస సంఖ్యకే, ఫారిన్ కీలు (ఈ విలువ వేరే టేబుల్‌లో ఉండి తీరాలన్న నియమాలు) ఉండవు, ఖాళీగా ఉండకూడదన్న నియమమూ ఉండదు. ఎన్‌కోడింగ్ సరిగ్గా ఉంటే, ఇలాంటి టేబుల్‌లోకి డేటా ఎక్కకపోవడానికి రెండే కారణాలు మిగులుతాయి: ఫైల్ తెరుచుకోకపోవడం, కాలమ్‌లు జరిగిపోవడం. తేదీ తప్పు, సంఖ్య తప్పు, డూప్లికేట్, ఇవన్నీ లోపలికి వచ్చాక తీరిగ్గా క్వెరీలతో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలతో) చూసుకోవచ్చు.

నేరుగా ఎక్కిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ. మీ కంప్యూటర్‌లోని ఫైల్‌ను సర్వర్‌కు పంపే లోడ్ డేటా లోకల్ ఇన్‌ఫైల్ వాడినప్పుడు, మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో (తప్పు విలువను ఎర్రర్ ఇచ్చి ఆపేసే పద్ధతిలో) ఉన్నా సరే, డేటా తప్పులను ఎర్రర్లుగా కాకుండా వార్నింగ్‌లుగా మాత్రమే చూపిస్తుంది. మీ షీట్‌లో ఒక సభ్యుడికి 1,25,000 రూపాయలు రావాలని ఉందనుకోండి. ఆ కాలమ్ టేబుల్‌లో ఇంటిజర్, అంటే పూర్ణసంఖ్య. మైఎస్‌క్యూఎల్ 1 చదువుతుంది, కామా దగ్గర ఆగిపోతుంది, 1 అని రాసుకుని ముందుకు పోతుంది. లక్షా పాతిక వేలు రావాల్సిన మనిషికి ఒక్క రూపాయి. తెర మీద ఎర్రర్ ఏదీ కనిపించదు.

అందుకే లోడ్ పూర్తయ్యాక వచ్చే ఆ ఒక్క లైన్‌ను తప్పకుండా చదవండి. అందులో రికార్డ్స్, డిలీటెడ్, స్కిప్‌డ్, వార్నింగ్స్ అని నాలుగు అంకెలు ఉంటాయి. స్కిప్‌డ్, వార్నింగ్స్ సున్నా కాకపోతే వెంటనే, ఇంకే కమాండూ కొట్టకముందే, షో వార్నింగ్స్ కొట్టండి. తర్వాతి స్టేట్‌మెంట్ నడిస్తే ఆ జాబితా చెరిగిపోవచ్చు.

ఐదో అడుగు: ఫైలే తెరుచుకోవడం లేదంటే

ఈ రకం ఎర్రర్లకు మీ డేటాతో సంబంధం లేదు, కాబట్టి షీట్‌ను మళ్లీ మళ్లీ మార్చుతూ సమయం పోగొట్టుకోకండి.

మైఎస్‌క్యూఎల్‌లో 1290 నంబరు ఎర్రర్‌తో సెక్యూర్ ఫైల్ ప్రివ్ అని వస్తే, సర్వర్ ఒక్క ఫోల్డర్ నుంచే ఫైళ్లు చదువుతానంటోంది. షో వేరియబుల్స్‌లో ఆ పేరు వెతికితే ఏ ఫోల్డరో తెలుస్తుంది, ఫైల్‌ను అక్కడికి కాపీ చేయండి. 3948 వస్తే లోకల్ లోడింగ్ ఆపి ఉందని అర్థం. సర్వర్‌లో లోకల్ ఇన్‌ఫైల్ 1 చేయాలి, క్లయింట్ వైపు కూడా ఆన్ చేయాలి. మైఎస్‌క్యూఎల్‌తో పనిచేయడానికి వాడే వర్క్‌బెంచ్ ప్రోగ్రామ్‌లో 2068 వస్తే కనెక్షన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, అదర్స్ పెట్టెలో ఆప్ట్ అండర్‌స్కోర్ లోకల్ అండర్‌స్కోర్ ఇన్‌ఫైల్ ఈక్వల్స్ 1 అని రాసి మళ్లీ కనెక్ట్ అవ్వండి. పని అయ్యాక సర్వర్‌లో లోకల్ ఇన్‌ఫైల్‌ను తిరిగి 0 చేయడం మంచిది, అది భద్రత కోసమే ఆపి ఉంచారు.

విండోస్ దారి రాసేటప్పుడు బ్యాక్‌స్లాష్ బదులు మామూలు స్లాష్ వాడండి, లేకపోతే ఫైల్ దొరకలేదంటుంది.

బ్రౌజర్‌లోంచి మైఎస్‌క్యూఎల్ నడిపే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఫైల్ పెద్దదంటే, పీహెచ్‌పీ డీఫాల్ట్ అప్‌లోడ్ పరిమితి 2 ఎంబీయే. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్, పోస్ట్ మ్యాక్స్ సైజ్ రెండూ పెంచి సర్వర్ రీస్టార్ట్ చేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ కమాండ్ పర్మిషన్ డినైడ్ అంటే, ఆ ఫైల్ చదివేది మీరు కాదు, సర్వర్. పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు కొట్టే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్‌లో ముందు బ్యాక్‌స్లాష్ పెట్టిన కాపీ వాడితే మీ కంప్యూటర్‌లోని ఫైల్ మీ అనుమతులతోనే చదువుతుంది.

ఆరో అడుగు: కాలమ్‌లు పక్కకు జరిగిపోతే

మన చిరునామాల్లో కామాలు ఎక్కువ. ‘4-112, రామాలయం వీధి, పాత బస్టాండు దగ్గర’ అన్నది ఎక్సెల్ లెక్కలో ఒక సెల్. సీఎస్‌వీలోకి వెళ్లేటప్పుడు ఎక్సెల్ దాన్ని డబుల్ కోట్స్ మధ్య పెడుతుంది. లోడ్ కమాండ్‌లో ఫీల్డ్స్ ఎన్‌క్లోజ్‌డ్ బై డబుల్ కోట్ అని మనం చెప్పకపోతే అది మూడు కాలమ్‌లుగా విడిపోతుంది. ఫోన్ నంబరు కాలమ్‌లో రామాలయం వీధి కూర్చుంటుంది. మైఎస్‌క్యూఎల్ 1262 నంబరుతో ఎక్కువ కాలమ్‌లు ఉన్నాయంటుంది, పోస్ట్‌గ్రెస్ ‘ఎక్స్‌ట్రా డేటా ఆఫ్టర్ లాస్ట్ ఎక్స్‌పెక్టెడ్ కాలమ్’ అంటుంది. 1261 దీనికి తిరగేసినది, కాలమ్‌లు తక్కువయ్యాయి. ఎవరైనా సెల్ మధ్యలో ఆల్ట్ ఎంటర్ కొట్టి చిరునామాను రెండు లైన్లు చేసినప్పుడు, కోట్స్ సంగతి చెప్పకపోతే ఇదే జరుగుతుంది.

చివరి కాలమ్‌లో మాత్రమే, అదీ ప్రతి వరుసలోనూ తప్పు వస్తుంటే లైన్ ముగింపు చూడండి. విండోస్ ప్రతి లైన్ చివర రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే. లైన్స్ టెర్మినేటెడ్ బై దగ్గర బ్యాక్‌స్లాష్ ఎన్ మాత్రమే రాస్తే, మిగిలిన బ్యాక్‌స్లాష్ ఆర్ చివరి కాలమ్‌లోని విలువకు అంటుకుంటుంది. 25 అన్నది తెర మీద 25లాగే కనిపిస్తుంది కానీ డేటాబేస్‌కు అది సంఖ్య కాదు. రెండూ కలిపి రాయండి.

ఏ వరుసలో తేడా ఉందో ఎంతకూ తెలియకపోతే ఫైల్‌ను రెండుగా చీల్చండి. మొదటి సగం ఎక్కితే తప్పు రెండో సగంలో ఉంది. దాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగు వేల వరుసల్లో ఉన్న ఒక్క తప్పు 12 సార్లలో దొరికిపోతుంది.

ఏడో అడుగు: వాకిట్లో తూర్పారబట్టడం

ఇప్పుడు డేటా అంతా స్టేజింగ్ టేబుల్‌లో టెక్స్ట్‌గా ఉంది. ఒక్కో కాలమ్ తీసుకుని, అసలు టేబుల్ రకానికి సరిపోని విలువలను రెగెక్స్‌తో (అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతితో) బయటికి తీయండి. ఇక్కడ తొందర పడొద్దు, అసలు పని ఇదే.

తేదీలతో మొదలుపెడదాం. మనం రాసేది రోజు-నెల-సంవత్సరం, మైఎస్‌క్యూఎల్‌కు కావాల్సింది సంవత్సరం-నెల-రోజు. నేరుగా ఎక్కిస్తే 1292, ఇన్‌కరెక్ట్ డేట్ వాల్యూ. ఎస్టీఆర్ టు డేట్ ఫంక్షన్‌తో పర్సెంట్ డి, పర్సెంట్ ఎం, పర్సెంట్ వై ఇచ్చి మార్చండి. డి, ఎం చిన్నవి, వై పెద్దది. చిన్న వై రాస్తే సంవత్సరాన్ని రెండంకెలుగా చదువుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే డేట్‌స్టైల్‌ను ఐఎస్ఓ, డీఎంవై అని సెట్ చేస్తే మన పద్ధతి అర్థం చేసుకుంటుంది.

25-12-2023 ఎలాగూ పట్టుబడుతుంది, 25వ నెల లేదు కాబట్టి. దొంగ 05-04-2019. అది ఏప్రిల్ 5 కావచ్చు, మే 4 కావచ్చు. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో మన తేదీలు టైప్ చేస్తే, 12 లోపు రోజులన్నీ నెలలుగా మారి తేదీలైపోతాయి, 12 దాటినవి టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను ఒకసారి చూడండి. కొన్ని తేదీలు కుడి అంచుకు, కొన్ని ఎడమ అంచుకు అతుక్కుని ఉంటే ఇదే జరిగింది. కుడివైపువి తారుమారైనవి, ఎడమవైపువి సరైనవి. చూడ్డానికి కుడివైపువే బాగున్నట్టు ఉంటాయి, అదే మోసం.

రెండంకెల సంవత్సరాల్లో మరో గొయ్యి ఉంది. పుట్టిన తేదీ 10-06-45 అని ఉంటే ఎక్సెల్ మామూలుగా 1945 అనుకుంటుంది, మైఎస్‌క్యూఎల్ 2045 అనుకుంటుంది. ఎక్సెల్‌కు మామూలుగా 29 వరకు ఈ శతాబ్దం, మైఎస్‌క్యూఎల్‌కు 69 వరకు ఈ శతాబ్దం. పింఛను జాబితాల్లో ఇది నిజంగా మనుషులకు దెబ్బ తగిలించే తప్పు. ఇవాళ్టి తేదీ కంటే తర్వాత పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒక్క క్వెరీ తప్పకుండా వేయండి.

డబ్బు కాలమ్‌లో కామాలు, రూ., చివర /- గుర్తులు రీప్లేస్‌తో తీసేసి, మిగిలింది అంకెలు, చుక్క మాత్రమేనా అని చూడండి. ఖాళీ సెల్ అంటే సున్నా కాదు. ‘బకాయి 0’కు, ‘బకాయి ఎంతో రాయలేదు’కు చాలా తేడా ఉంది. నల్ఇఫ్ వాడి ఖాళీలను నల్ (విలువ తెలియదు అనే గుర్తు) చేయండి. స్ట్రిక్ట్ మోడ్‌లో 1366 వచ్చి, కోట్స్ మధ్య ఏమీ కనిపించకపోతే కారణం ఈ ఖాళీయే.

కంటికి కనిపించని ఖాళీలు కూడా ఉంటాయి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన డేటాలో ఉండే నాన్-బ్రేకింగ్ స్పేస్‌ను ట్రిమ్ తీయలేదు. ఎక్సెల్‌లో సబ్‌స్టిట్యూట్, క్యార్ 160తో తీయాలి. మన తెలుగుకు ఇంకోటి ప్రత్యేకం. రామ్‌కుమార్ అని రాసేటప్పుడు పొల్లు నిలబడటానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పేరు చివర కూడా వదిలేస్తాయి. కిరణ్ అన్న పేరు రెండు వరుసల్లో ఒకేలా కనిపిస్తున్నా ఒకదాని పొడవు 5, ఇంకోదాని పొడవు 6 వస్తుంటే కారణం అదే. క్యార్ లెంగ్త్‌తో పొడవు చూస్తే దొరుకుతుంది. పదం మధ్యలోది ఉంచండి, చివరిది తీసేయండి.

1406, డేటా టూ లాంగ్ అన్నప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు, పేరు అంత పొడవుగా లేదే అని. లక్ష్మి అన్న పేరు మనకు రెండక్షరాలు. డేటాబేస్‌కు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు. బైట్లలో అయితే ఇరవై ఒకటి. మైఎస్‌క్యూఎల్ వార్‌క్యార్‌ను (గరిష్ఠ పొడవు చెప్పి పెట్టే టెక్స్ట్ కాలమ్‌ను) అక్షరాల్లో లెక్కిస్తుంది కాబట్టి 20లో లక్ష్మి పడుతుంది, లక్ష్మీనరసింహాచార్యులు పట్టదు. ఒరాకిల్ అనే డేటాబేస్‌లో వార్‌క్యార్2 డీఫాల్ట్‌గా బైట్ల లెక్క, 20 ఇస్తే ఒట్టి లక్ష్మి కూడా పట్టదు, ఓఆర్ఏ-12899 వస్తుంది. తెలుగు పేర్ల కాలమ్‌కు ఇంగ్లీష్ పేరుకిచ్చే చోటుకు రెండింతలకు తగ్గకుండా ఇవ్వండి, ఒరాకిల్‌లో క్యార్ అని స్పష్టంగా రాయండి. కాలమ్ చిన్నదని పేరును కత్తిరించడం మాత్రం చేయొద్దు.

ఎనిమిదో అడుగు: డూప్లికేట్లు, తల్లి లేని పిల్లలు

1062 డూప్లికేట్ ఎంట్రీ వస్తే, తప్పున్న వరుసలను వదిలేసి ముందుకు పోయే ఇన్సర్ట్ ఇగ్నోర్ వాడి దాటేయాలనిపిస్తుంది. ముందు స్టేజింగ్‌లో గ్రూప్ బై, హ్యావింగ్ కౌంట్ ఒకటి కంటే ఎక్కువ అని వేసి, ఎవరెవరు రెండుసార్లు ఉన్నారో చూడండి. ఒకే మనిషిని రెండుసార్లు రాశారా, ఇద్దరికి పొరపాటున ఒకే నంబరు ఇచ్చారా అన్నది జాబితా ఇచ్చినవాళ్లనే అడగాలి. రెండో సందర్భంలో ఇగ్నోర్ వాడితే ఒక మనిషి జాబితాలోంచే మాయమవుతాడు. రీప్లేస్ వాడితే పాత వరుసను తీసేసి కొత్తది పెడుతుంది, అదీ అంతే ప్రమాదం.

1452 అంటే ఫారిన్ కీ. సభ్యుడి వరుసలో ఉన్న సంఘం కోడ్ సంఘాల టేబుల్‌లో లేదు. ముందు సంఘాలు, తర్వాత సభ్యులు అన్న వరస పాటించండి. ఆ తర్వాత కూడా వస్తే రెండు టేబుల్‌లనూ పోల్చే లెఫ్ట్ జాయిన్ చేసి జతలేని కోడ్‌లను తీయండి, చాలాసార్లు చివర ఒక స్పేస్ గానీ, పోయిన సున్నా గానీ కనిపిస్తుంది. ఫారిన్ కీ చెక్స్‌ను 0 చేసి ఎక్కించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మళ్లీ 1 చేసినప్పుడు మైఎస్‌క్యూఎల్ అప్పటికే ఎక్కిన వరుసలను తిరిగి తనిఖీ చేయదు, తప్పు అలాగే ఉండిపోతుంది.

తొమ్మిదో అడుగు: లెక్క సరిచూడటం

ఇప్పుడు అసలు టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేయండి, ఒక ట్రాన్సాక్షన్ లోపల. అందులో చేసిన మార్పులు కమిట్ కొడితేనే ఖాయమవుతాయి, రోల్‌బ్యాక్ కొడితే అన్నీ రద్దవుతాయి. కమిట్ కొట్టకముందు మొదట్లో రాసుకున్న కాగితం తీయండి. వరుసల సంఖ్య, డబ్బు మొత్తం, పాత తేదీ, కొత్త తేదీ, నాలుగూ కలవాలి. షీట్‌లో కనిపించిన తప్పులను మీరే సరిదిద్ది ఉంటే, తేడా సరిగ్గా ఆ వరుసల మేరకే ఉండాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా రోల్‌బ్యాక్ చేసి కారణం వెతకండి.

వరుసల లెక్క మరీ చిన్న విషయంలా అనిపిస్తే 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది చూడండి. అక్కడి ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్, ల్యాబ్‌ల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాత ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లలోకి ఎక్కిస్తూ వచ్చింది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి. కొత్త ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో అయితే 10,48,576. పాత ఫైల్ నిండాక మిగిలినవి లోపలికి రాలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో పడలేదు, వాళ్లను కలిసినవాళ్లకు హెచ్చరిక వెళ్లడం ఆలస్యమైంది. వెళ్లిన వరుసలెన్ని, చేరిన వరుసలెన్ని అని పోల్చి ఉంటే మొదటి రోజే తెలిసేది.

మొత్తాలు కలిసినా ఇంకో పని మిగిలి ఉంటుంది. అక్కడక్కడా పది వరుసలు తీసుకోండి: మొదటిది, చివరిది, పొడవైన పేరున్నది, చిరునామాలో కామాలున్నది, ఫోన్ నంబరు లేనిది, ఇంటి నంబరు 3-5 లాంటిది. ఒక్కోదాన్ని అసలు కాగితంతోనో, రీడ్-ఓన్లీ పెట్టిన ఆ ఫైల్‌తోనో, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని పైకి చదివించి సరిచూడండి. ఒకరే చూస్తే కన్ను ఉన్నదాన్ని కాకుండా ఉండాలనుకున్నదాన్ని చదువుతుంది. ఆ పదీ కలిశాకే కమిట్. స్టేజింగ్ టేబుల్‌ను ఆ రోజే తీసేయకండి, పేరు చివర తేదీ చేర్చి, మొదటి విడత ఉత్తరాలో చెల్లింపులో వెళ్లి ఫిర్యాదులు రాలేదని తేలేదాకా ఉంచండి. ఆ తర్వాత మాత్రం తప్పక తీసేయండి, అందులో జనం ఆధార్ నంబర్లు ఉన్నాయి.